కాన్వెంటుకు పోయిన పట్టుచీర

తనకల్లు మండలంలో ఒక రైతు ఉండేవాడు. పేరుతో పనిలేదు. నాలుగెకరాల ఎర్రనేల, అందులో నీళ్ళు పడని బోర్లు మూడు, ఒక భార్య, ఒక కూతురు. వాన కురిస్తే చెనిక్కాయ పంట, కురవకపోతే బెంగుళూరు. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి 550 చిల్లర మిల్లీమీటర్ల వాన పడుతుందని లెక్కల పుస్తకాల్లో ఉంటుంది. విత్తనం వేసేటప్పుడు ఒక పదును, ఊడలు దిగేటప్పుడు ఇంకో పదును పడకపోతే ఆ లెక్క ఎందుకూ కొరగాదని చేను ఉన్నవాడికే తెలుసు. 2022లో జిల్లాలు విడగొట్టి తనకల్లును శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చారు గానీ, ఆ సంగతి మబ్బులకు ఎవరూ చెప్పినట్టు లేరు.

ఒక ఏడు సరిగ్గా ఊడలు దిగే వేళకు నెలా పదిరోజులు చినుకు లేదు. చెట్టు పీకితే కాయలన్నీ లొట్టలు. కట్టెను పశువుల మేతకు అమ్ముకుని మొగుడూ పెళ్ళాం బెంగుళూరులో బిల్డింగు పనికి బయల్దేరారు. కూతురు అప్పుడు ఆరో తరగతి. బెంగుళూరులో రేకుల షెడ్డులో ఆడపిల్లను పెట్టుకుని పనికి పోయేదెట్లా? బస్సెక్కితే పోయే దూరంలో సిస్టర్లు నడిపే హాస్టలు ఒకటుంది. ఏ సభ సిస్టర్లు, ఏ ఊరు అని అడక్కండి, కథకు అవి అక్కర్లేదు. తెల్లవారుజాము బస్సుకు పిల్లను తీసుకుపోయి, ఒక రేకుపెట్టె, ఒక దుప్పటి, ఒక చెంబుతో అక్కడ దింపి వచ్చారు.

ఆ హాస్టలు వార్డెను సిస్టరుది కేరళ. తెలుగు బాగా మాట్లాడుతుంది గానీ ప్రతి మాట చివరా మలయాళం సాగదీత ఉంటుంది. చేరిన వారం ఆ పిల్లను మెట్ల మీద కూర్చోబెట్టుకుని, తలలో పేలన్నీ దువ్వెనతో తీసి, కొబ్బరినూనె పెట్టి, రెండు జడలు బిగించి వేసింది. పిల్ల ఏడ్చింది. సిస్టరు ఊరుకోమనలేదు, దువ్వడమూ ఆపలేదు. ఎనిమిదో తరగతిలో పిల్లకు విషజ్వరం వస్తే మూడు రాత్రులు మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు బెంగుళూరుకు ఫోను చేసి, ముందు మార్కులు చెప్పి, తర్వాత తానెవరో చెప్పింది.

పిల్ల నర్సింగు చదివింది. బెంగుళూరులో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. మొదటి జీతంలో కొంత ఇంటికి పంపి, ఫోనులో అంది: ‘‘నాయనా, సిస్టరమ్మ దగ్గరికి పోయిరండి. ఒట్టిచేతుల్తో మాత్రం పోవద్దండి.’’

గుడికైనా, గురువు దగ్గరికైనా, పసిబిడ్డను చూసేదానికైనా ఒట్టిచేతుల్తో పోకూడదనేది ఆ ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన మాట కాదు. ఏం తీసుకుపోవాలనేదే తెగలేదు. రైతు ఆ సంగతి రచ్చకట్ట దగ్గర ఎత్తాడు. ఎత్తకుండా ఉండాల్సింది.

‘‘గోడగడియారం కొనుక్కపో. కింద నీ పేరు, ఊరి పేరు రాయించు. గంటగంటకూ నువ్వే గుర్తొస్తావు’’ అన్నాడొకడు.

‘‘పొట్టేలు పిల్లను పట్టకపోప్పా. క్రిస్మస్‌కు కోసుకుంటారు.’’

‘‘బంగారు సిలువ చేయించు. చిన్నదైనా బంగారం బంగారమే.’’

‘‘వాళ్ళు నగలు పెట్టుకోరు గదా?’’

‘‘పెట్టుకోరు గానీ, ఇస్తే వద్దంటారా?’’

కొక్కంటి క్రాసులో స్వీటంగడి పెట్టుకున్న మనిషి అయిదు కిలోల మైసూరుపాకు దగ్గర ఖాయంగా నిలబడ్డాడు. ఎందుకో చెప్పక్కర్లేదు.

రైతు భార్య ఇవన్నీ విని, ‘‘ఆడమనిషికి ఏం పెట్టాల్నో మీ మగోళ్ళకు ఏం తెలుస్తాది? చీర పెట్టాల. ధర్మవరం పట్టుచీర’’ అని తేల్చేసింది.

కూతురు ఫోనులో నసిగింది. ‘‘సిస్టరమ్మ అట్లాంటివి ఉంచుకోదు నాయనా. వాళ్ళవి తెల్ల నూలుచీరలు.’’

‘‘కట్టుకోకపోతే పోనీలేమ్మా. పెట్టెలో పెట్టుకుంటాది. ఎప్పుడన్నా తీసి చూసుకుంటాది గదా’’ అన్నాడు తండ్రి.

ధర్మవరంలో పూటంతా తిరిగారు. ఆఖరికి కనకాంబరం రంగు ఒళ్ళు, ముదురాకుపచ్చ అంచు, అంచులో హంసల బారు ఉన్న చీర భార్యకు నచ్చింది. కొంగు చివర జరీపోగు ఒకటి తెగి, నేసినాయన వేసిన చిన్న ముడి ఉంది. దాన్ని చూపించి రెండు వందలు తగ్గించుకుంది. అయినా పన్నెండు వేలు దాటింది. ఆ ఇంట్లో ఆమె ఒంటికి ఎన్నడూ అంత ఖరీదు చీర తగల్లేదు. దారి పొడుగునా బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

కాన్వెంటులో వార్డెను సిస్టరు పరుగున వచ్చింది. పిల్ల ఉద్యోగం సంగతంతా అడిగి అడిగి చెప్పించుకుంది. చీర పొట్లం చేతిలో పెడితే విప్పి, హంసల మీద వేలు ఆనించి, ‘‘అయ్యో, ఎంత బాగుంది’’ అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. లోపలికి పోయి కాన్వెంటుకు పెద్ద అయిన మదర్‌ను పిలుచుకొచ్చింది. మదర్ ఇద్దరికీ నమస్కారం పెట్టి, టీ, బిస్కెట్లు తెప్పించి, చీరను తీసుకుపోయి వరండాలో ఉన్న ఇనుప బీరువాలో పెట్టి, ఒక నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. సిస్టరు పక్కనే ఉండగా తన చీర మదర్ బీరువాలోకి పోవడం రైతు భార్య కనిపెట్టింది గానీ, తాళాలు మదర్ దగ్గరుంటాయేమో అనుకుంది. వచ్చేటప్పుడు రైతు సిగ్గుపడుతూనే ఒక ఫోటో అడిగాడు. సిస్టరు నవ్వి, బీరువాలోంచి చీరను మళ్ళీ తెప్పించి చేతుల్లో పట్టుకుని నిలబడింది. ఆ ఫోటో కదిరిలో ఫ్రేము కట్టించి, ఇంట్లో నడిమింటి గోడకు తగిలించారు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాని కథ చెప్పేవాళ్ళు. ధరతో సహా.

వైశాఖంలో పక్క ఊళ్ళో పెళ్ళి. పెళ్ళికొడుకు తండ్రి, మన రైతు కలిసి బెంగుళూరులో పనిచేసినవాళ్ళు. పెళ్ళికూతురికి తండ్రి లేడు, తల్లి క్వారీలో కంకర కొడుతుంది. తలంబ్రాలప్పుడు పెళ్ళికూతురిని పీటల మీదికి తీసుకొచ్చారు. కనకాంబరం రంగు చీర. ఆకుపచ్చ అంచు. రైతు భార్య లేచి దగ్గరికి పోయి, అక్షతలు వేసే నెపంతో కొంగు చివర చూసింది. ముడి ఉంది.

‘‘ఇది మా చీర’’ అంది.

మెల్లగానే అన్నాననుకుంది. పెళ్ళిపందిట్లో మెల్లగా అన్న మాటే ముందు వంటశాల దాకా పోతుంది. పక్కామె అడిగింది, ఈమె చెప్పింది. ధర్మవరం, పన్నెండు వేలు, సిస్టరు, ఫోటో, అన్నీ. భోజనాల రెండో పంక్తి లేచేసరికి, కాన్వెంటోళ్ళకు ఇచ్చిన చీరను కట్టుకుని పెళ్ళి చేసుకుంటున్న పిల్ల అని పందిరంతా తెలిసిపోయింది. పెళ్ళికూతురి తల్లికీ తెలిసింది. ఆమె ఏమీ అనలేదు. విస్తళ్ళలో వడ్డించే ఓళిగల గంప ఇంకొకరి చేతికిచ్చి పందిరి వెనక్కి పోయింది.

మూడు నిద్రలయ్యాక పెళ్ళికూతురి తమ్ముడు టీవీఎస్ మీద వచ్చాడు. ఉతికి ఆరేసిన తెల్ల టవాల్లో చుట్టిన పొట్లం అరుగు మీద పెట్టాడు. ‘‘మాయమ్మ ఇచ్చి రమ్మనింది’’ అని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయాడు. విప్పితే చీర. మడత మీద పసుపు, కుంకుమ, రెండు తమలపాకులు, ఒక వక్క.

ఆ రాత్రి ఆ ఇంట్లో సంగటి వండారు గానీ ఎవరూ తినలేదు. పన్నెండు వేల చీర మళ్ళీ చేతికొచ్చింది. కట్టుకోవడానికి లేదు. ఎవరికన్నా పెట్టడానికి లేదు. అమ్మడానికి అసలే లేదు. గోడ మీద ఫోటోలో సిస్టరు అదే చీర పట్టుకుని నవ్వుతోంది.

తెల్లారి ఇద్దరూ చీర తీసుకుని కాన్వెంటుకు పోయారు. రైతుకు సిగ్గు ఎంతుందో కోపమూ అంతే ఉంది.

‘‘సిస్టరమ్మా, మేమది మీకిచ్చినాం. మీకని ఇచ్చినాం.’’

‘‘అవునండీ. నేనే తీసుకున్నాను.’’

‘‘మరి ఆ పిల్లకెట్ల పోయింది?’’

‘‘నాకు వేరే పెట్టె లేదు నాయనా. ఈ ఇంట్లో ఉన్నదంతా అందరిదీ. నాకొచ్చింది మదర్‌కు ఇస్తాను, ఎవరికి అవసరమైతే మదర్ వాళ్ళకిస్తారు. మా పద్ధతి అది. ఆ అమ్మాయి కూడా మా హాస్టలు పిల్లే. మీ పాప పక్క మంచం. పెళ్ళికి చీర లేదని వాళ్ళమ్మ వచ్చి ఇక్కడే, మీరు కూర్చున్న ఆ బెంచీ మీదే కూర్చుంది. మదర్ బీరువా తెరిచారు. మీ చీర ఉంది.’’ సిస్టరు కాసేపు ఆగింది. ‘‘ఆ రోజు నాకు చాలా సంతోషమైంది. మీకు చెబుదామనుకున్నాను. చెప్పాల్సింది.’’

రైతు భార్య పొట్లం ముందుకు జరిపింది. సిస్టరు తీసుకోలేదు.

‘‘వాళ్ళు మీకు తిరిగి ఇచ్చారు గదా. ఇప్పుడది మీది. ఏం చెయ్యాలో మీ ఇష్టం.’’

బస్సులో రైతు భార్య ఒక్క మాట మాట్లాడలేదు. ఒళ్ళో పొట్లం విప్పి, మడతలన్నీ తీసి చూసి, మళ్ళీ పెట్టింది. ఏదో వెతుకుతున్నట్టుంది. తమ ఊరి స్టేజీ వచ్చినా లేవలేదు. పక్క ఊరి దాకా పోయి దిగి, నేరుగా ఆ కంకర కొట్టే ఆమె ఇంటికి పోయింది. మొగుడు బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు.

‘‘అక్కా, చీరొచ్చింది గానీ రవిక రాలేదే?’’

ఆ తల్లి బిత్తరపోయింది. చీరలోని రవిక గుడ్డను కత్తిరించి పెళ్ళికూతురికి కుట్టించేశారు. దాన్ని తిరిగివ్వడమెట్లా? ఆ కుట్టుకూలి కూడా అప్పే. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

‘‘రవిక మీ ఇంట్లో, చీర మా ఇంట్లో ఉంటే ఎట్లక్కా? జత విడగొడితే ఆడబిడ్డకు మంచిది కాదు. రవికైతే నాకు పట్టదు. ఇంక నువ్వే చీర పెట్టుకో’’ అని పొట్లం ఆమె ఒళ్ళో పెట్టి, ‘‘కొంచెం మజ్జిగుంటే ఇయ్యక్కా, ఎండకు పడొచ్చినా’’ అంది.

క్షమించమని ఎవరూ అడగలేదు, క్షమించానని ఎవరూ చెప్పలేదు. మజ్జిగ తాగి వచ్చింది.

మరుసటి ఏడు వాళ్ళు మళ్ళీ కాన్వెంటుకు పోయారు. ఈసారి ముందు వాకిలికి పోలేదు. వెనక వంటింటి దిక్కున పోయి, పొయ్యి ముందున్న వంటామెను అడిగింది రైతు భార్య: ‘‘ఏమక్కా, ఇంట్లో ఏం అయిపోయింది?’’

వంటామె చేతిలో గరిటె దించకుండానే చెప్పింది. ‘‘ఏముందమ్మా, చింతపండు. డెబ్బైమంది పిల్లోళ్ళు. దినామూ చారు గావాల. అంగట్లో కొంటే మదరమ్మ నెత్తి పట్టుకుంటాది.’’

చేని గట్టు మీద రెండు చింతచెట్లున్నాయి. వారం రోజులు కాయలు కొట్టి, తొక్కు తీసి, గింజ ఒలిచి, ఈనెలు లాగి, కొంచెం ఉప్పు చల్లి, కుండలకు ఎత్తి ఆటోలో తీసుకుపోయారు. వార్డెను సిస్టరు అప్పటికి వేరే ఊరికి బదిలీ అయిపోయింది. కుండలు దించుకుని, కుండలకు డబ్బులెంతని అడిగింది వంటామె.

నీతి

‘ఇది నాది’ అనే మాటను వదిలేసినవాళ్ళకు ఏదైనా ఇచ్చేటప్పుడు, ఇచ్చేవాడు కూడా ఆ మాటను వస్తువుతో పాటే వదిలేసి రావాలి. నీతి ఇంతే. కానీ సంచి పట్టుకుని అంగడి ముందు నిలబడ్డప్పుడు ఇది అంత సులువుగా అక్కరకు రాదు. అందుకే ఇంకొంచెం చెప్పాలి.

మఠంలో చేరే స్త్రీ పేదరికం, కన్యత్వం, విధేయత అనే మూడు వ్రతాలు పడుతుంది. మనం మొదటిదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటాం. కాన్వెంటులో ఫ్రిజ్జు ఉంది, జీపు ఉంది, పేదరికం ఎక్కడ అని అడిగేవాళ్ళను చూశాం. ఉన్నాయి. కానీ అందులో ఒక్కటీ ఆమెది కాదు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు రాసిన మఠ నియమావళిలో 54వ అధ్యాయం అచ్చంగా ఈ విషయం మీదే ఉంది. కన్నవాళ్ళు పంపిందైనా సరే, మఠాధిపతికి తెలియకుండా తీసుకోకూడదు. తీసుకోమన్న తర్వాత కూడా అది ఎవరికి చేరాలో తేల్చేది ఆయనే. ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషి అందుకు మనసు కష్టపెట్టుకోకూడదు. అన్ని మఠాలూ బెనెడిక్టువి కావు, ఒక్కో సభకు ఒక్కో రాజ్యాంగం ఉంది. అయినా ఆ ఇనుప బీరువా వేళ్ళు అక్కడిదాకా పోతాయి. పుచ్చుకునేవాళ్ళ మనసు కష్టపడకుండా బెనెడిక్టు జాగ్రత్తపడ్డాడు. ఇచ్చినవాళ్ళ మనసు సంగతి ఆ అధ్యాయంలో లేదు. దాన్ని మనమే చూసుకోవాలి.

చూసుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. 1964 డిసెంబరులో పోప్ ఆరో పాల్ బొంబాయికి వచ్చినప్పుడు ఊరేగింపులకు వాడిన తెల్ల లింకన్ కారును పోతూ పోతూ మదర్ తెరిసాకు ఇచ్చేశాడు. ఆమె అందులో ఎక్కి తిరగలేదు. లాటరీ పెట్టి, వచ్చిన డబ్బును కుష్ఠురోగుల శాంతినగర్ కోసం ఖర్చుపెట్టింది. పోప్ ఇచ్చిన కారుకే ఆ గతి పట్టిందంటే, ధర్మవరం చీర బీరువాలో ఏళ్ళ తరబడి పడుకుని ఉంటుందని ఎట్లా అనుకుంటాం? తన కారు లాటరీలో పోయిందని ఆయన చిన్నబుచ్చుకున్న దాఖలా ఏదీ లేదు.

మనకు ఇది ఎందుకు కష్టమవుతుందంటే, మనం చదివింపుల జాతి. ఫలానా వారి అబ్బాయి నూటపదహార్లు అని మైకులో చదివిస్తేనే ఇచ్చినట్టు. స్టీలు బక్కెట్టు మీద పేరు కొట్టించకుండా కానుకివ్వడం మనకు చేతకాదు. చదివింపుల్లో తప్పేమీ లేదు. ఇవ్వాళ నేను పెట్టింది రేపు నా ఇంటి పెళ్ళికి తిరిగి రావాలి కాబట్టి లెక్క ఉండాలి, కరువు సీమలో పెళ్ళిళ్ళు గట్టెక్కేది ఆ లెక్కతోనే. అయితే అది సమానుల మధ్య నడిచే వ్యవహారం. సిస్టరు ఇంట్లో పెళ్ళి లేదు, ఆమెకు తిరిగి పెట్టే దారీ లేదు. అక్కడికి చదివింపుల పుస్తకం పట్టుకుపోతే ఆ పిల్ల పెళ్ళిలో జరిగిందే జరుగుతుంది. ఆ రైతు భార్య చెడ్డ మనిషి కాదు. తన ఒంటిమీదికి ఎన్నడూ రాని చీరను ఇంకొకరికి కొన్న మనిషి ఆమె. పందిట్లో ఆమె నోట వచ్చిన మాట ఆమెది కాదు, ఆ పుస్తకానిది.

అట్లాగని మనిషిని వదిలేసి సంస్థకు ఇమ్మనడం కూడా నాకు సరిగా తోచదు. ఆ నర్సు పిల్లకు కృతజ్ఞత ఉన్నది కాన్వెంటు మీద కాదు, తన తల దువ్విన ఒక మనిషి మీద. ఆ రుణం బియ్యం బస్తాతో తీరదు. నాకు తెలిసిన పరిష్కారం ఇది: మనిషికి మాట ఇవ్వండి, ఇంటికి వస్తువు ఇవ్వండి. ఆ పిల్ల సెలవు పెట్టి తానే వచ్చి ఒక పూట వంటింట్లో సిస్టరుతో పాటు కూరగాయలు తరిగి, ఆసుపత్రి కబుర్లు చెప్పి పోతే అది ఏ బీరువాలోకీ పోదు. ఊరూ వాడా విడిచి వచ్చినవాళ్ళకు ఆ కబుర్ల విలువ తెలుసు. గుంటూరులో జె.ఎం.జె. సభ సిస్టర్లతో చేరడానికి 1920లో ఓడెక్కి వచ్చిన ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ 1957లో కన్నుమూసే దాకా మన దేశంలోనే ఉండిపోయింది. అట్లాంటి మనిషికి గోడగడియారం ఏం పెడతాం? నీ చేతిలో పుట్టిన బిడ్డ ఇదిగో బడికి పోతోంది అని తీసుకుపోయి చూపించాలి. ఉత్తరం రాసినా సరే, బదిలీ అయినా వెనకాలే పోతుంది.

ఇంటికి ఇచ్చే వస్తువుకు మాత్రం కాలం చూడాలి. క్రిస్మస్‌కు ప్రతివాడూ కేకు తెస్తాడు, జనవరి మొదటి వారానికి హాస్టలు పిల్లలకు కేకంటే మొహం మొత్తుతుంది. విభూది బుధవారం నుంచి ఈస్టరు దాకా తపస్సుకాలం. ఆ రోజుల్లో మైసూరుపాకు పెట్టెతో, అందులోనూ శుక్రవారం పొట్టేలు మాంసంతో పోయి నిలబడితే వాళ్ళు మర్యాదగానే పుచ్చుకుంటారు, పాపం వంటామెకే చిక్కు. కదిరి మల్లెలు చర్చి పీఠానికి ఎంతో బాగుంటాయి. కానీ అవి విరగబూసే కాలంలో కొంత భాగం తపస్సుకాలంలోనే పోతుంది, అప్పుడు పీఠానికి పూలు పెట్టరు. ఈస్టరు పూట తీసుకుపోతే కళ్ళకద్దుకుంటారు. కదిరి నరసింహస్వామి ప్రసాదం సంగతి అడుగుతారు కొందరు. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే. తీసుకునే సిస్టరు ఏం చెయ్యాలో తెలియక ఇరుకున పడుతుంది. అట్లా ఇరుకున పెట్టేదాన్ని ఇంట్లో పంచుకోవడమే మేలు. జపమాలలు, స్వరూపాలు వాళ్ళ దగ్గర మన ఊరందరికీ పంచేటన్ని ఉంటాయి. డబ్బే ఇవ్వదలిస్తే కవరులో పెట్టి మదర్ చేతికి, ఇంటి ఖర్చులకని చెప్పి ఇవ్వాలి. సిస్టరు చేతిలో గుట్టుగా పెడితే ఆమె అది తీసుకుని మదర్ గదికి నడవాలి, అంతే తేడా.

అన్నిటికంటే ఎవరికీ గుర్తురాని నెల జూన్. బడులు తెరుస్తారు, పిల్లలు ఒక గౌనుతో వస్తారు, నోటుపుస్తకాలు, సబ్బులు, కొబ్బరినూనె, దువ్వెనలు అన్నీ ఒక్కసారే కావాలి. రైతు చేతిలో చిల్లిగవ్వ లేని నెల కూడా అదే, విత్తనాలకే అప్పు చేస్తాడు. అందుకే తనకల్లు దిక్కున ఇచ్చేవాళ్ళ కాలం వేరు: సంక్రాంతికి చెనిక్కాయలు, శివరాత్రి దాటాక చింతపండు. వాటితోనే జూన్ దాకా ఇల్లు గడిస్తే, మిగిలిన డబ్బుతో దువ్వెనలు వాళ్ళే కొనుక్కుంటారు.

ఒక చిక్కు మిగిలింది. ఏం కావాలని మదర్‌ను అడిగితే, ‘‘ఏమీ వద్దండీ, మా కోసం ప్రార్థన చేయండి’’ అంటుంది. ఎప్పుడూ అదే జవాబు. అది మర్యాద మాట కాదు, ఆమె నిజంగానే అడగలేని మనిషి. కాబట్టి వంటామెను అడగాలి. ఆమెకు ఏ వ్రతమూ లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. వంటామె దొరక్కపోతే గుడ్లు తీసుకుపోండి. ఫిలిప్పీన్స్‌లోని క్వెజోన్ సిటీలో క్లారా సభ కన్యల మఠానికి పెళ్ళివాళ్ళు ఇప్పటికీ గుడ్లే తీసుకుపోతారు. తమ పెళ్ళి రోజున వాన పడకూడదని ఆ కన్యలను ప్రార్థించమని అడుగుతారట. ఆ కోరిక తనకల్లులో పైకి అన్నవాణ్ణి బతకనివ్వరు. గుడ్ల వరకు మాత్రం ఆ ఆచారం మనకూ పనికొస్తుంది, డెబ్బైమంది పిల్లలకు తలా ఒకటి ఇచ్చినా మూడు ట్రేలు చాలు. ఆటోలో పోయేటట్టయితే ట్రేల కింద చెనిక్కాయ పొట్టు దండిగా పోయించుకోండి, మన పల్లె దోవల సంగతి తెలిసిందే గదా.